రేవు కాపలా

మా అన్న ఖేమ్ పోయాక ఆ ఇంట్లో మేం ముగ్గురం, ఏడు చేపలూ మిగిలాం.

ముగ్గురం అంటే అమ్మ, నేను, నా తొమ్మిదేళ్ళ కూతురు ఫాయ్. మా ఆయన పందుల లారీ తోలతాడు. నెలకోసారి వచ్చి బట్టలు ఉతికించుకుని పోతాడు, ఆయన్ని నేను లెక్కలో వెయ్యను. చేపలు ముందుగదిలో అన్న మంచం పక్కనే ఉండేవి, ఆరడుగుల అద్దాల తొట్టిలో. అరచెయ్యంత వెడల్పు, వెండి ఒళ్ళు, గొంతు దగ్గర్నించి పొట్టదాకా ఎరుపు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, ఎప్పుడూ ఎవరిమీదో అలిగినట్టు ఉండేవి.

"చందువలేనమ్మా. చెరువుల్లో పెంచి సంతలో అమ్ముతారే, అవే" అని అన్న అమ్మకి చెప్పాడు.

అవి చందువలు కావు, పిరాన్హాలు. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయిగానీ చందువ గడ్డి కూడా తింటుంది, ఇది వేలు పెడితే వేలు తింటుంది. ఇంట్లో పెట్టుకున్నట్టు తెలిస్తే మా దేశంలో జైలు. గోరంత పిల్లలుగా ఉన్నప్పుడు బ్యాంకాక్‌లో ఎవరి దగ్గరో కొని, చొక్కా లోపల సంచీ దాచుకుని మోటారు సైకిలు మీద తెచ్చాడు. నాకొక్కదానికే నిజం చెప్పాడు.

"నీ నోటి సంగతి నాకు తెలుసు లమై. ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో. అమ్మకి తెలిస్తే తెల్లారేలోగా వాటిని ఇంట్లోంచి పంపించేస్తుంది" అన్నాడు.

నా నోరు మంచిది కాదని ఊరంతా చెప్పుకుంటారు. నిజమే. బడి దగ్గర నాకు నూడుల్స్ బండి ఉంది. వరస తప్పించి ముందుకు తోసుకొచ్చినవాడు పోలీసైనా సరే, వాడి ఏడు తరాలూ దులిపి వెనక్కి పంపుతాను. అలాంటిదాన్ని, మూడేళ్ళు ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు. అన్నంటే నాకు ప్రాణం.

వాటికి తిండి వేసే ముందు అన్న వేలికున్న ఇత్తడి ఉంగరంతో అద్దం మీద మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. ఏడూ ఒక్కసారే తిరిగి ఆ మూలకొచ్చి నిలబడేవి. "చూశావా, నీ కూతురు కూడా పిలిస్తే ఇంత తొందరగా రాదు" అని నవ్వేవాడు.

ఏప్రిల్లో, సోంగ్‌క్రాన్ పండగ రెండో రోజున, రోడ్డంతా జనం నీళ్ళు చల్లుకుంటుంటే అన్న బండి జారి లారీ కింద పడింది. ఆస్పత్రివాళ్ళు ఉంగరం కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. అమ్మ దాన్ని ఫోటో ముందు పెట్టింది.

అలా రోడ్డు మీద హఠాత్తుగా పోయినవాళ్ళు తేలిగ్గా దాటిపోరని మాలో నమ్మకం. పోయిన సంగతి వాళ్ళకే తెలియదట, ఎక్కడో ఒకచోట చిక్కుబడిపోతారట. అమ్మకి పగలూ రాత్రీ అదే దిగులు. పొద్దున లేవగానే కల చెప్పేది.

"మళ్ళీ వచ్చాడే. నీళ్ళలో నిలబడి ఉన్నాడు. మెడదాకా నీళ్ళు. నా మొహంకేసే చూస్తాడు, నోరు తెరవడు. వాడు దాటలేదే లమై, నా బిడ్డ దాటలేదు."

"కలలకేముందమ్మా, అజీర్తి చేస్తే వస్తాయి" అనేదాన్ని. అని, వెనక్కి తిరిగి ఏడ్చేదాన్ని.

అన్న పోయిన నూరో రోజు జులైలో పడింది, వర్షావాసం మొదలైన రెండు రోజులకి. వర్షావాసమంటే భిక్షువులు మూడు నెలలపాటు విహారం వదిలి ఎక్కడా రాత్రి గడపని కాలం. ఊళ్ళో తాగేవాళ్ళు కూడా తాగుడు మానేసే కాలం. ఆ రోజున పెద్ద ఎత్తున అన్నదానం పెట్టుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికే నేను విహారం వంటింట్లో ఉన్నాను. పెద్ద భిక్షువు అమ్మతో ముందే చెప్పారట, కొన్ని ప్రాణాలు నీళ్ళలో వదిలి ఆ పుణ్యం కొడుక్కి ధారపొయ్యమని. అది అందరూ చేసేదే. విహారం గేటు దగ్గర బకెట్లలో మలుగులు, తాబేళ్ళు, కొరమీనులు అమ్ముతుంటారు. అవే కొంటుందనుకున్నాను.

తొమ్మిదింటికి రేవులోంచి మంత్రాలు వినపడ్డాయి. తెడ్డు చేత్తో పట్టుకునే బయటికొచ్చాను. రేవు మెట్ల మీద యాభైమంది చేతులు జోడించి కూర్చున్నారు. అడుగు మెట్టు మీద అమ్మ, పక్కన బాతులు పెంచే ఉబోన్ పిన్ని. వాళ్ళ వెనక పిన్ని తోపుడు బండి, బండి మీద మా ఇంటి బకెట్లు.

ఆ బకెట్లలో ఏమున్నాయో చూడకుండానే తెలిసింది.

"ఎవరి చేపలో కొని వదిలితే వాడికేం తెలుస్తుంది?" అమ్మ అందరితో చెబుతోంది. "ఇవి వాడు ముద్దుగా పెంచుకున్నవి. వాడి ఉంగరంతో అద్దం మీద కొట్టానా, ఏడూ వచ్చి నా జల్లెట్లో కూర్చున్నాయి. ఒక్కటి ఎగిరితే ఒట్టు. వీటితోబాటు వాడూ పోతాడు, చూడండి."

బకెట్ వంచింది. ఎర్ర పొట్టలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారాయి. ఏప్రిల్ తరవాత అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే. నోట్లో పళ్ళు సగం లేని నవ్వు, కళ్ళనిండా నీళ్ళు.

నోరు తెరిచాను. "అమ్మా" అన్నాను కూడా. సరిగ్గా అప్పుడే యాభైమందీ ఒక్క గొంతుతో "సాధు" అన్నారు, ఆ పుణ్యకార్యం మాకూ సమ్మతమే అన్నట్టు. నా మాట అందులో కలిసిపోయింది. అమ్మ ఆఖరి బకెట్ కూడా వంచి వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్ళీ అందరూ "సాధు" అన్నారు. నేను కూడా అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎండ ముదిరింది. గిన్నెలు కడుగుతుంటే దబ్బుమని చప్పుడైంది, వెంటనే పిల్లల కేకలు. ఫాయ్ బడి స్నేహితులతో కలిసి రేవులోకి దూకింది.

ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. జుట్టు పట్టుకుని బయటికి లాగాను. "జ్వరమొస్తుంది! ఎక్కండి, అందరూ పైకెక్కండి!" అని అరిచాను. మిగతా తల్లులు ముక్కున వేలేసుకున్నారు. మా ఊరి పిల్లలు నడకకంటే ముందు ఈత నేర్చుకుంటారు. నీళ్ళలో దిగితే జ్వరమొస్తుందన్న మాట అక్కడ ఎవరూ విని ఉండరు.

ఆ రాత్రి అమ్మ మూడు నెలల్లో మొదటిసారి ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. ముందుగదిలో ఖాళీ తొట్టిలో మోటారు బుడబుడమంటూనే ఉంది, ఆపుదామంటే అమ్మ వద్దంది. నేను ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. లేచి అమ్మని నిద్ర లేపి చెప్పేయాలని పదిసార్లు అనుకున్నాను. చెబితే ఏమవుతుంది? కొడుకుని గట్టెక్కించానన్న ఆ ఒక్క నిబ్బరం కూలిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించే ధైర్యం నాకు లేకపోయింది.

ఫాయ్‌ని రేవు ఛాయలకి వెళ్ళనివ్వలేదు. అది నాతో మాటలు మానేసింది. పదిరోజులయ్యాక ఉబోన్ పిన్ని ఒక బాతుని చంకలో పెట్టుకుని నా బండి దగ్గరికొచ్చింది.

"ఏమే లమై, దీని కాలు చూడవే. రెండు వేళ్ళు లేవు. ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు లేదూ? ఇలాంటివి నాలుగయ్యాయి."

పులుసు కలుపుతున్నట్టు తల వంచుకున్నాను.

"ఉబ్బు చేపలై ఉంటాయి పిన్నీ" అన్నాను.

"అంతే అయ్యుంటుంది. పాడు చేపలు" అంది పిన్ని. పొట్ట బుడగలా ఉబ్బించుకునే ఆ చిన్న చేపలు మా కాలవల్లో ఉన్నాయి. అప్పుడప్పుడూ మనుషుల్ని కూడా కొరుకుతాయి. అందుకే ఆ మాట ఊరంతా ఇట్టే నమ్మింది. నేను మొదటిసారి ఆడిన అబద్ధం అది, రెండోసారి అనాలేమో.

ఇక ఊరికే కూర్చుంటే లాభం లేదనుకున్నాను. కోడి కార్జాలు బండి కోసం ఎలాగూ కొంటాను. అన్న గేలం ఉంది. దారం కొరికేస్తాయని కొసకి తీగ కట్టాను. అమ్మ లేవకముందే ఫోటో ముందున్న ఉంగరం తీసుకుని రేవుకి వెళ్ళాను.

రేవు పైన పెద్ద బోర్డు ఉంటుంది: "ఇది అభయ స్థలం. ఇక్కడ ఏ ప్రాణినీ పట్టరాదు." విహారం ముందు నీళ్ళలో చేపని పట్టడమంటే మాలో దొంగతనంకంటే నీచం. అందులోనూ వర్షావాసంలో. ఆ బోర్డుకి దణ్ణం పెట్టి అడుగు మెట్టు మీద కూర్చున్నాను. అక్కడ పడవ కట్టే ఇనుప గుంజ ఉంది. దాని మీద ఉంగరంతో కొట్టాను. టక్, టక్, టక్.

ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. గేలం వేశాను.

దారం చటుక్కున లాగింది. పైకి తీస్తే ఎర్ర పొట్ట, ఆ దవడ. మెట్టు మీద ఎగిరెగిరి పడుతోంది. నేను ఏడ్చాను. అది అన్న పిలిచాడనుకుని వచ్చింది.

మూడు వారాల్లో ఐదు దొరికాయి. వానరోజుల్లో వచ్చేవి కాదు. దొరికినవాటిని ఇంటికి తెచ్చి, వంటింటి వెనక ఐసు పెట్టెలో ఉప్పు చల్లి దాచాను. పారేస్తే ఎవరైనా చూస్తారు, పాతిపెడితే కుక్కలు తవ్వుతాయి.

ఐదోది పట్టిన పొద్దున వెనకనించి టార్చి లైటు మొహం మీద పడింది.

"ఎవరది? లమైవా?"

సంగ్వియన్ బాబాయ్. విహారం కమిటీ పెద్ద. చిన్నప్పుడు మా అందరికీ ఈత నేర్పినవాడు, ఇప్పుడు విహారంలో చీపురు పుల్ల కదిలినా లెక్క అడిగే మనిషి.

"బాబాయ్..."

"ఛీ! నోరు ముయ్యి. నీ అన్న చితి ఇంకా ఆరలేదు. ఆ మహాతల్లి వాడి పేరు మీద ప్రాణాలు వదిలిన చోటే నువ్వు ప్రాణాలు తీస్తావా? కూర గతిలేక చస్తున్నావా? నా ఇంటికొచ్చి అడుక్కుంటే పెట్టేవాణ్ణిగా!"

"అది కాదు బాబాయ్, నువ్వు విను..."

"వినేదేం లేదు. దాన్ని నీళ్ళలో వదులు. నా కళ్ళముందు వదులు."

చేప నేను తెచ్చుకున్న చిన్న పెట్టెలో కొట్టుకుంటోంది. వదలలేను, చెప్పలేను. ఊళ్ళో ఎవరితోనైనా దెబ్బకి దెబ్బ మాట్లాడే నేను, పెట్టె గుండెకి హత్తుకుని దొంగదానిలా పరిగెత్తాను.

పదింటికల్లా ఊరంతటికీ తెలిసిపోయింది. ఆ రోజు నా బండి దగ్గరికి ఇద్దరంటే ఇద్దరు వచ్చారు, వాళ్ళు కూడా పొరుగూరివాళ్ళు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఉంగరం లేని ఫోటో ఒళ్ళో ఉంది.

"నేను వదిలినవాటిని నువ్వు పట్టుకొస్తున్నావా?"

గుమ్మం ముందే ఆగిపోయాను.

"వాణ్ణి ఒడ్డుకి చేర్చాననుకున్నానే. నెలరోజులైంది కలలోకి రాక. మళ్ళీ నీళ్ళలోంచి వెనక్కి లాగుతున్నావా వాణ్ణి? నీకేం అన్యాయం చేశాడే వాడు?"

ఆ మాట నేను పడలేకపోయాను. లోపలికెళ్ళి ఐసు పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక చేపని తీసి, చెంచాతో దాని పెదవి పైకి లేపాను. రంపానికున్నట్టే పళ్ళు, పైవి కిందివాటిలో కూర్చుని ఉన్నాయి. అమ్మ వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"చచ్చినా కోస్తాయమ్మా."

అమ్మ చాలాసేపు వంగి చూసింది. బయట ఫాయ్ ఎవరితోనో గచ్చకాయలాడుతూ లెక్కపెడుతోంది.

"ఇవి చందువలు కావన్నమాట."

"కావు."

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"తెలుసు."

"ఆ రోజు రేవులో నువ్వు సాధు అన్నావు. నేను విన్నాను."

"అన్నానమ్మా."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అమ్మ చేపని మెల్లిగా పెట్టెలో పెట్టి, దాని మీద ఐసు సర్ది మూత వేసింది. ఆ తరవాత వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"నేను వదిలింది ఏడు. ఇందులో ఐదున్నాయి. పద, రేపు నేనూ వస్తాను."

వర్షావాసం మూడు నెలలూ అమ్మ ఎనిమిది శీలాల నియమం పట్టే మనిషి. చీమ ఎదురైతే చీపురు పక్కన పెట్టేస్తుంది. అలాంటిది నాతోపాటు రేవుకొచ్చి అడుగు మెట్టు మీద కూర్చుంది, ఉంగరం తనే తీసుకుని గుంజ మీద కొట్టింది. తన కొడుకు ఎలా కొట్టేవాడో అచ్చం అలాగే, మూడోది కొంచెం ఆగి. మూడో రోజున ఆరోది పడింది. నేను దాన్ని కొడుతున్నంతసేపూ అమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించి "నిన్ను వదిలింది నేనే, చంపింది కూడా నేనే తల్లీ, ఆ పాపం దీనికి రాయకు" అంటూనే ఉంది.

ఏడోది దొరకలేదు. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. పైనుంచి వరద నీరొచ్చి రేవు ఆరు మెట్లు మునిగింది, నీళ్ళు టీ రంగులోకి మారాయి. అమ్మ ఇంటి పని మానేసి రేవులోనే కూర్చునేది. దిగబోయే పిల్లల్ని కర్రతో అదిలించేది. "ముసల్దానికి చాదస్తం" అని పిల్లలు అమ్మ లేని వేళ చూసి దూకేవాళ్ళు. ప్రతి దూకుడు చప్పుడుకీ నా బండి దగ్గర నేను ఆగిపోయేదాన్ని, ఏ కేక వినపడుతుందోనని.

వర్షావాసం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, కేక వినపడింది. పిల్లలది కాదు. సంగ్వియన్ బాబాయ్ విహారంలోకి వెళ్ళబోతూ మెట్టు మీద కాళ్ళు కడుక్కుంటుంటే, కాలి చిటికెన వేలి కొస గోరుతో సహా పోయింది.

ముగింపు రోజు పొద్దున ఊరంతా విహారం ధర్మశాలలో చేరింది. భిక్ష పెట్టడాలయ్యాక బాబాయ్ కట్టు కట్టిన కాలితో మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఉబ్బు చేపలు బలిశాయి. బాతులయ్యాయి, ఇప్పుడు మనుషుల మీద పడ్డాయి. పెద్ద భిక్షువుగారితో మాట్లాడాను. ఈ ఒక్కసారికీ అభయం లేదు. ఆదివారం పొద్దున చిన్నా పెద్దా అందరూ వలలు, బుట్టలు పట్టుకుని రేవులో దిగండి. ఎక్కువ పట్టినవాళ్ళకి నా తరపున పుల్ల ఐసులు!"

పిల్లలు ఈలలు వేశారు. ఫాయ్ నా చెయ్యి వదిలించుకుని గెంతుతోంది. "అమ్మా, ఆదివారం నేనూ! అందరూ దిగుతున్నారుగా!"

ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. జైలైతే జైలు. లేవబోయాను. నా భుజం మీద చెయ్యి పడింది. అమ్మ నన్ను కిందికి నొక్కి తను లేచింది.

"దిగకండి" అంది.

ఎవరూ వినలేదు. మళ్ళీ గట్టిగా అంది. "దిగకండి. అది చేప కాదు. నా కొడుకు."

ఫాయ్ గెంతడం ఆపి అమ్మమ్మకేసి చూసింది.

"వాడు దాటలేదు" అంది అమ్మ. "నూరో రోజు చేసినదేదీ వాడికి అందలేదు. రేవులోనే ఉన్నాడు. కాళ్ళు కనపడితే లాగుతున్నాడు. తెల్లవారుజామున అక్కడ చప్పుడు ఎవరూ వినలేదా? ఉంగరంతో కొడుతున్నట్టు?"

ఉబోన్ పిన్ని రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. "అమ్మో! నేను విన్నాను. బాతుల్ని వదలడానికి వచ్చినప్పుడల్లా విన్నాను. టక్, టక్, టక్."

"నేనూ విన్నాను" అన్నారు ఇంకెవరో.

"నా కూతురు చేపలు పట్టిందని మీరంతా ఉమ్మేశారు" అంది అమ్మ, సంగ్వియన్ బాబాయ్‌కేసి తిరిగి. "అది పట్టడానికి పోలేదు. వాడికి తిండి పెట్టడానికి పోయింది. అన్న ఆకలితో ఉన్నాడని పోయింది. ఈ మాట ఊళ్ళో చెప్పుకోలేక అన్నీ పడింది."

బాబాయ్ తన కాలికేసి చూసుకున్నాడు. మైకు కింద పెట్టేశాడు. పెద్ద భిక్షువు కళ్ళెత్తి అమ్మకేసి ఒక్క క్షణం చూసి మళ్ళీ దించుకున్నారు. ఆదివారం సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

ఇంటిదారిలో నేను ఆగలేకపోయాను.

"ఎందుకమ్మా అలా చెప్పావు? నిజం చెప్పేస్తే పోయేదిగా. నన్నే తీసుకుపోయేవాళ్ళు."

"నిన్ను తీసుకుపోతే నీ కూతురికి ఎవరే? అది అలా ఉంచు. రేవులో పిరాన్హా ఉందని చెబితే ఏం చేస్తారు? జిల్లా అంతా గేలాలేసుకుని వస్తారు. మన కుర్రవెధవలు ముందు దిగుతారు, మొలలోతు నీళ్ళలోకి. చేపంటే పట్టడానికి దిగుతారే. దయ్యమంటే దిగరు."

"కానీ అన్నని..."

"అవును, వాణ్ణే" అంది. గుమ్మంలోకి రాగానే చెప్పులు విప్పుతూ అక్కడే కూలబడింది. ఆవిడ ఏడుస్తుంటే నేను పక్కన కూర్చున్నాను, పట్టుకోవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ప్రతి ఏడూ ముగింపు రోజున అరటాకుల్లో కట్టిన జిగురు బియ్యం పొట్లాలకి అమ్మ చెయ్యే కావాలని ఊరంతా వచ్చేవాళ్ళు. ఆ ఏడు రెండు బుట్టలు చేసింది. ఒక్కళ్ళూ ముట్టుకోలేదు. దాటని పీనుగున్న ఇంటి తిండి ఎవరు తింటారు? నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం మేం ముగ్గురమే తిన్నాం. దారిలో తల్లులు మమ్మల్ని చూసి పిల్లల్ని అవతలి పక్కకి మార్చుకునేవాళ్ళు. "నూరు రోజుల పుణ్యం పోసినా దాటలేదంటే, ఆ కుర్రాడు లోపల్లోపల ఎన్ని పాపాలు చేశాడో" అనుకోవడం నా చెవులతో విన్నాను. ఆ మాటన్న మనిషిని ఇంకో రోజైతే జుట్టు పట్టుకునేదాన్ని. తల దించుకుని పోయాను. అన్న ఎవరికీ చీమంత అపకారం చేసినవాడు కాదు.

ఫాయ్ బడినించి ఏడుస్తూ వచ్చింది.

"అమ్మమ్మా, ఖేమ్ మామయ్య నిజంగా రేవులో ఉన్నాడా?"

అమ్మ దాన్ని ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది. నాకేసి చూడకుండా చెప్పింది. "ఉన్నాడే. అందుకే నువ్వు దిగకూడదు."

మర్నాటినించి ఫాయ్ రేవు పక్క దారిలో కూడా నడవలేదు. నేను కోరుకున్నది అదే. అయినా దాని కళ్ళలో భయం చూసినప్పుడల్లా, భుజాల మీద దాన్ని ఊరంతా తిప్పిన మా అన్న గుర్తొచ్చేవాడు.

నవంబరు పున్నమికి లోయ్ క్రతోంగ్ వచ్చింది. అరటిబోదె ముక్కల మీద పూలు, కొవ్వొత్తి, ఒక నాణెం పెట్టి నీళ్ళలో వదిలే పండగ. ఏటా దీపాలు నాలుగు గజాలు పోకముందే పిల్లలు పీకల్లోతు నీళ్ళలో దిగి నాణేలు ఏరుకుంటారు. పెద్దవాళ్ళు తిడుతున్నట్టు తిడతారు, పిల్లలు విననట్టు వింటారు. సంవత్సరంలో రేవు నిండా పిల్లలుండేది ఆ సాయంత్రమే.

ఆ ఏడు రేవు మెట్ల మీద ఒక్క మనిషి లేడు. ఊరంతా వంతెన మీద నిలబడి, దీపాల్ని తాళ్ళకి కట్టి కిందికి దించారు. నాణేలన్నీ దీపాలతోపాటే కొట్టుకుపోయాయి. నీళ్ళలో ఒక్క తల లేదు.

అమ్మా నేనూ మాత్రం మెట్లు దిగాం. వరద తీసి మెట్లన్నీ బయటపడ్డాయి. పైన వంతెన మీద మమ్మల్ని చూసి మాటలు తగ్గించుకున్నారు. అమ్మ దీపం వెలిగించి నీళ్ళ మీద పెట్టి, చేత్తో మెల్లిగా ముందుకు తోసింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏం కాదులే" అంది. రొండిలోంచి ఉంగరం తీసి గుంజ మీద కొట్టింది. టక్, టక్, కాస్త ఆగి, టక్. నీళ్ళు కదల్లేదు. దీపం వెలుతురు మెట్ల అంచుదాకా వచ్చి వెనక్కి పోతోంది.

అమ్మ నీళ్ళ మీదికి వంగి, వాడి చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ మాట్లాడేదే, ఆ గొంతుతో మాట్లాడింది.

"నాయనా ఖేమ్. నీకు పోవాలని ఉంటుందిరా. నిన్ను పంపించాలనే నాకూ ఉంది. కానీ ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండు. ఈ పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఉండు. ఎవరైనా దిగబోతే భయపెట్టు. నా బంగారుతండ్రివి కదూ, ఇంకొన్నాళ్ళు ఉండు."